చెయ్యెత్తిన బొమ్మ

ప్రపంచంలోని ప్రతి విషయానికీ రెండే పక్షాలుంటాయనీ, ఒకటి అనుకూలం, రెండోది ప్రతికూలం అనీ, మూడోది ఎక్కడైనా కనబడితే అది నిర్వచనం సరిగా చేసుకోకపోవడం వల్ల కలిగిన భ్రమేననీ నేను నిండు మనసుతో నమ్మిన రోజులవి. ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతుండేదాన్ని. కళాశాల చర్చా పోటీల్లో మా జట్టుకు మొదటి వక్తను నేనే. ఉప్మాలో ఉప్పు తక్కువైందని నాన్న అంటే, "తక్కువ అంటే దేనితో పోల్చి?" అని అడిగేదాన్ని. నాన్న పళ్లెం చేతబట్టుకుని వసారాలోకి వెళ్లిపోయేవాడు. ప్రత్యర్థి వాదన ఉపసంహరించుకున్నట్టు నేను నమోదు చేసుకునేదాన్ని. (ఇది మరీ పాత సంగతేమీ కాదు. అయినా కొన్నేళ్ల కిందటి మనల్ని మనం తలచుకుంటే, ఎవరో దూరపు చుట్టాల పిల్ల గురించి విన్నట్టుంటుంది.)

అలాంటి రోజుల్లో జమ్మలమడుగు నుంచి మా అత్త ఫోన్ చేసింది. అత్త అంటే నాన్న చెల్లెలు. క్రైస్తవ మిషను బడులు పెట్టిన కాలం నుంచీ మా ఇంట్లో ఎవరు పుట్టినా పంతులో నర్సో కావడం ఆనవాయితీ. ఆ ప్రకారం అత్త బడిలో పంతులమ్మ అయింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "తీరిక లేక" అని చెప్పి పంపించేది. ఆమె ఇంటికి నేను అడపాదడపా వెళ్లేదాన్ని. ముందుగా చెప్పి వెళ్లడం, వచ్చిన పని చెప్పడం రెండూ లేవు. (ఎలాంటి రోజుల్లో వెళ్లేదాన్నో అప్పట్లో నేను గమనించుకోలేదు.) ఆ ఇల్లు బస్టాండుకు చాలా ముందే, ప్రొద్దుటూరు రోడ్డు మీదే ఉంటుంది. బస్సు సరిగ్గా దాని ముందు నుంచే పోతుంది. నేను మాత్రం బస్టాండు దాకా పోయి, దిగి, అంత దూరమూ వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఆపమని కండక్టరును ఒక మాట అడగవచ్చు కదా అని ఎవరైనా అంటే, నడక ఆరోగ్యానికి మంచిదన్నది నా వాదన.

"పాపా, నువ్వొక తూరి రావాల. ఆ బొమ్మ పలకడంల్యా," అంది అత్త ఫోన్‌లో.

ఆ బొమ్మ గురించి చెప్పకపోతే ఈ మాట ఎవరికీ అర్థం కాదు. అది బజారులో దొరికే రకం కాదు. మూరెడు పైన పొడవుంటుంది. మోచేయి, మణికట్టు, మోకాలు, మెడ, ఇలా ఒంట్లో ఎక్కడ మడత ఉంటే అక్కడ నున్నటి గుండు. గుండ్లన్నిటినీ కలుపుతూ లోపల రబ్బరు తాడు. ఎలా వంచితే అలా నిలుస్తుంది. కళ్లు గాజువి, మార్చుకోవచ్చు. జుట్టు టోపీలాగా ఊడి వస్తుంది. అత్తా, ఆమె స్నేహితురాళ్లూ దాన్ని కీళ్ల బొమ్మ అనేవాళ్లు. ప్రొద్దుటూరులో చీరలకు మగ్గం పని చేసే ముస్లిం ఆమె ఒకరు ఉండేది, అత్తకు బాగా స్నేహం; అక్క అన్నట్టుగా అందరూ ఆమెను ఆపా అంటారు. ఆపా భర్త కువైట్‌లో ఒక ఇంట్లో కారు నడిపేవాడు. ఆ ఇంటి అమ్మాయి పెద్దదై తన బొమ్మలు వద్దనుకుంటే, వాటిలో రెండు ఆయన పెట్టెలో ప్రొద్దుటూరు చేరాయి. ఒకటి ఆపా ఉంచుకుంది, ఒకటి అత్తకిచ్చింది. పులివెందులలో చీనీతోట (బత్తాయి తోట) ఉన్న ఒక పెద్దమ్మ దగ్గర అప్పటికే ఒకటుంది. ఆమె మాట తీర్పులా ఉంటుంది కాబట్టి అందరూ ఆమెను జడ్జమ్మ అంటారు. ఈ ముగ్గురూ ఒక్కో నెల ఒక్కో ఊళ్లో, ఆదివారం మధ్యాహ్నం, బొమ్మలతో సహా కూడేవాళ్లు.

కూడి ఏం చేస్తారంటే, బొమ్మలకు మనిషితనం చేకూరుస్తారు. పేరు, ఊరు, ఇష్టాలు, భయాలు, కోపాలు. వాళ్లకొక పద్ధతి ఉంది. బొమ్మను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాలి, దాని మనిషి వెనక కూర్చోవాలి. ప్రశ్నలన్నీ బొమ్మనే అడుగుతారు. వెనకున్న మనిషి "నేను" అనే జవాబు చెప్పాలి. "అది", "ఈ బొమ్మ" అన్న మాట దొర్లిందో, ఆ రోజుకు అంతే. తడుముకోకుండా జవాబులు వచ్చిన రోజు "పలికింది" అంటారు. జడ్జమ్మ బొమ్మ రిటైరైన బస్సు కండక్టరు. మీసం కూడా పెట్టారు, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఆపా బొమ్మ పెళ్లిళ్లకు వంట చేసే ముంతాజ్; తాను వండింది తాను తినదు. ఈ రెండూ ఎప్పుడో పలికాయి. అత్త బొమ్మ పలకలేదు. మొదటిసారి గండికోట రాజకుమారి అని కూర్చోబెట్టింది. "రాజకుమారివైతే నీ చెప్పులు యాడ?" అని ఆపా అడగ్గానే, "దానికింకా కొనలా" అనేసింది. మరోసారి నర్సు అంది. జడ్జమ్మ సూది సంగతి ఎత్తేసరికి, సూది పేరు చెబితేనే కళ్లు తిరిగే అత్త, గట్టిగా కళ్లు మూసుకుని కూర్చుండిపోయింది. వచ్చే నెల పులివెందులలో ఆఖరి అవకాశం. అప్పటికీ పలకకపోతే బొమ్మ జడ్జమ్మ ఇంటికి పోతుంది. ఇది శిక్ష కాదు, వాళ్ల కట్టుబాటు. "నారు ఈ మడిలో నాటుకోకుంటే ఇంగో మడిలో పెట్టి చూస్తామా లేదా?" అన్నది జడ్జమ్మ తీర్పు.

"ఇన్నేండ్లుగా ఊళ్లో అందరి పిల్లోళ్లనూ పేరు పెట్టి పిలుస్తాండా పాపా," అంది అత్త, నేను వెళ్లి కూర్చోగానే. "ఈ ఒక్కదాన్ని ఏమని పిలవాల్నో తెలీడంల్యా. పోతే పోనీలే అనుకుందామనుకుంటా. పోనీలే అనిపించడంల్యా."

ఆమె ఒళ్లో బొమ్మ మెడ వాల్చి, చేతులు వేలాడేసి, ఎవరో పిలుస్తారని ఎదురుచూసి అలసిపోయినదానిలా ఉంది. నాకు జాలి కలిగింది. జాలి కలిగితే ఆ రోజుల్లో నేను చేయగలిగింది ఒక్కటే: వాదన సిద్ధం చేయడం.

"అత్తా, నీ లోపం పద్ధతిలో ఉంది," అన్నాను. "ముందు నిర్వచనం, తర్వాత మూలసూత్రం, ఆపైన ఆ సూత్రానికి విరుద్ధం కాని జీవితం. ఈ క్రమంలో కడితే ఏ ప్రశ్నకూ కూలదు." ఆ సాయంత్రానికల్లా బొమ్మకు సత్యప్రజ్ఞ అని పేరు పెట్టాను. వృత్తి న్యాయవాది. అనాథ (బంధువులుంటే అనవసర ప్రశ్నలు వస్తాయి). భయం లేదు, కోపం లేదు, పక్షపాతం లేదు. ఓటమి ఎరగదు. అత్త అప్పుడప్పుడూ మధ్యలో దూరేది.

"కాకరకాయ తినదు అని పెడదామా?"

"న్యాయానికీ కాకరకాయకూ సంబంధం లేదత్తా."

"పోనీ రోడ్డు దాటాలంటే భయపడతాది అని..."

"భయం లేదని మూలసూత్రంలోనే ఉంది కదా!"

"ఓహో," అని అత్త లేచి దోసెలు పోయడానికి పోయేది. నేను దోసె చుట్టూ కరకరలాడే అంచు మాత్రం తిని, నడిమి భాగం వదిలేసేదాన్ని. దోసె అంటే అంచేననీ, నడిమిది కేవలం అంచుకు ఆధారమనీ నా సిద్ధాంతం. అత్త ఆ సిద్ధాంతాన్ని ఎన్నడూ ఖండించలేదు. పళ్లెం తీసుకుని పోయేది.

ఇంకొక్క లోపం మిగిలింది. బొమ్మ లోపలి రబ్బరు వదులై మెడ వాలిపోతోంది. న్యాయవాది నిటారుగా కూర్చోవాలని నేను పట్టుబట్టాను. ప్రొద్దుటూరుకు తీసుకుపోయి ఆపా చేత పాత రబ్బరు తీయించి కొత్తది బిగించి కట్టించాను. "బేటీ, ఇంత బిగిస్తే బొమ్మ తన్నుతాది. చేతులూ కాళ్లూ మన మాట వినవు," అంది ఆపా, నోట్లో దారం పట్టుకునే. ఇంకొంచెం బిగించమన్నాను.

పులివెందుల బస్సులో బొమ్మను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాం. ముద్దనూరు దాటాక గతుకులో సంచి కదిలి, లోపలి నుంచి చెయ్యి ఒకటి టపీమని బయటికి లేచింది. ముందు సీటు ముసలాయన "యప్పా!" అని లేచి నిలబడ్డాడు. కండక్టరు వచ్చాడు.

"ఏందమ్మా అది? పిల్లకు టికెట్ తీసినారా?"

"అది బొమ్మ. ప్రాణం లేని వస్తువుకు టికెట్ అన్న నియమం ఉంటే చూపించండి," అన్నాను.

"టికెట్ వద్దులే తల్లీ. చెయ్యి లోపలికి పెట్టు. ఆ పెద్దాయన గుండె ఆగేట్టుండాది."

అత్త చెయ్యి లోపలికి నొక్కింది. అది మళ్లీ లేచింది. పులివెందుల దాకా ఆమె ఆ చేతిని పట్టుకునే కూర్చుంది, జాతరలో పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు. దారి పొడుగునా నేను ఆమెకు జవాబులు అప్పజెప్పించాను.

జడ్జమ్మ ఇంటి వరండాలో చాప పరిచి, మధ్యలో ముక్కాలిపీట వేశారు. తోటలో కోసిన చీనీకాయల రసం గ్లాసుల్లో పోసి పెట్టారు. జడ్జమ్మ ఒళ్లో కండక్టరు, ఆపా పక్కన ముంతాజ్. అత్త పీట వెనక కూర్చుంది. నేను పక్కన కూర్చోవచ్చు గానీ నోరెత్తకూడదని నిబంధన. కొత్త రబ్బరు పుణ్యాన బొమ్మ పోలీసు పరేడులో నిలబడ్డట్టు కూర్చుంది.

"నీ పేరేందమ్మా?" అని మొదలుపెట్టింది జడ్జమ్మ.

"నా పేరు సత్యప్రజ్ఞ. నేను న్యాయవాదిని."

"యాడ పుట్టినావు?"

"పుట్టుక నా చేతిలో లేదు. నేను ఎంచుకున్న విలువలే నా జన్మస్థలం." (ఈ వాక్యానికి నేను శానా... చాలా కష్టపడ్డాను.)

జడ్జమ్మ ఒళ్లో ఉన్న బొమ్మను ముందుకు వంచింది. "టికెట్ ఏ ఊరికి కొట్టమంటావమ్మా మరి?" అన్నాడు కండక్టరు. ఆపా పక్కకు తిరిగి నవ్వు దాచుకుంది. అత్త ముఖం వాడిపోయింది.

"అది సరే బేటీ," అంది ఆపా మెత్తగా, "పొద్దున లేస్తూనే ఏం చేస్తావు నువ్వు?"

మేం కట్టిన జీవితంలో ఉదయం లేదు. అన్యాయం ఉంది, న్యాయం ఉంది, తీర్పు ఉంది. పొద్దున లేవడం లేదు. అత్త నా వైపు చూసింది. "అన్యాయాన్ని... ఎదిరిస్తాను," అంది.

"పండ్లు తోముకోకుండానేనా?" అంది ఆపా.

ఇక నిబంధనను గౌరవించడం నా వల్ల కాలేదు. కుడిచెయ్యి ఎత్తి, "అధ్యక్షా! ఈ ప్రశ్న అంశానికి వెలుపల ఉంది," అన్నాను.

"నువ్వు గమ్మునుండు పాపా. ఏ దినమైనా మొదలయ్యేది పొద్దున్నుంచే కదా, అదెట్ల బయటుంటాది?" అని జడ్జమ్మ ఒక నిట్టూర్పు విడిచి అత్త వైపు తిరిగింది. "ఏమీ అనుకోవద్దు. దీన్ని నా దగ్గర ఉంచిపో. నువ్వు చూడాలనుకున్నప్పుడంతా వచ్చి చూసిపోదువు."

అత్త తలూపింది. ఇచ్చేముందు సర్దుదామని కాబోలు, బొమ్మ మోచేయి పట్టుకుని మడిచింది. నేను పట్టుబట్టి బిగించిన రబ్బరు అప్పుడు తన పని తాను చేసింది. చెయ్యి విల్లులా ఎగిరింది. పక్కనున్న గ్లాసు ఎగిరింది. చీనీరసం మొత్తం నా చున్నీ మీదికి వచ్చింది. ఆ చెయ్యి మాత్రం దిగలేదు. వేళ్లు పైకి చాచి, నిటారుగా, ఆకాశం వైపు అలాగే నిలిచిపోయింది.

"దీనికేందో అడగాలని ఉన్నట్టుండాదే!" అంది జడ్జమ్మ.

అత్త ఆ చేతిని చూసింది. తర్వాత నన్ను చూసింది. రసం కారుతున్నా నేనింకా ఎత్తిన చెయ్యి దించలేదు. అత్త ముఖంలో ఏదో కదిలింది. బడిలో వెనక బెంచీ పిల్ల ఎవరో ఉన్నట్టుండి సరైన జవాబు చెప్పినప్పుడు పంతులమ్మ ముఖం ఎలా ఉంటుందో, అలా. ఆమె బొమ్మ వెనక్కి జరిగి, ముందుకు వంగి, ఎన్నడూ వినని గొంతుతో మాట్లాడింది.

"అవును, అడగాల. మీరు అడిగేది అయిపోకముందే నాకు చెయ్యి లేస్తాది. నేనేం చేసేది?"

ఆపా చప్పున నిటారుగా కూర్చుంది. "పొద్దున లేస్తూనే ఏం చేస్తావు?"

"లేయను. లేయాల్సిన అవసరమేందో చెప్పమంటా. మా నాయిన చెప్పలేక పోతాడు. అప్పుడు లేస్తా."

"నీకు భయమేంది?"

"సభలో ఎంతమందున్నా భయంలే. బస్సులో కండక్టరును ఆపమని అడగాలంటే భయం. యాడ అరుస్తాడో అని. అందుకే బస్టాండు దాకా పోయి నడిచి వస్తా. నడక మంచిది అని చెప్తా."

"గెలిస్తే?"

"ఎవురన్నా అడిగితే 'ఏముందిలే' అంటా. అడగకుంటే అలుగుతా."

జవాబులు మడవలో నీళ్లలా పారుతున్నాయి. అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంత శ్రమపడి కట్టిన సత్యప్రజ్ఞ నా కళ్ల ముందే శిథిలమైపోతోంది. ఆమె స్థానంలోకి వచ్చిన మనిషికి తలా తోకా లేదు. చెయ్యి ఇంకొంచెం పైకెత్తాను.

"అధ్యక్షా! నేను తీవ్రంగా అభ్యంతరం చెబుతున్నాను. ఈ పాత్రలో అంతర్గత వైరుధ్యం ఉంది. నిండు సభను ఎదుర్కొనగల వ్యక్తి ఒక కండక్టరుకు భయపడడం అసంభవం. అడిగితే కాదని, అడగకపోతే అలగడం హేతువిరుద్ధం. ఇలాంటి మనిషి లోకంలో ఎక్కడా ఉండదు!"

అందరూ నవ్వు ఆపి నా వైపు చూశారు. నా వాదన బలానికి వాళ్లు అవాక్కయ్యారని అనుకున్నాను. జడ్జమ్మ ఒళ్లోని కండక్టరు మెల్లగా నా వైపు తల తిప్పాడు.

"ఉండాదమ్మా," అన్నాడు. "మా బస్సులోనే ఎక్కతాది. దిగేకాడ దిగదు."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. (అంత చదువు అడ్డం ఉంది మరి.) జడ్జమ్మ మీసాల కండక్టరును పక్కన పెట్టి, ఈసారి తన సొంత గొంతుతో, చిన్నగా అడిగింది: "ఓడిపోతే ఏం చేస్తావమ్మా?"

"గెలిస్తే ఇంటికి పోతా, షీల్డు అందరికీ కనపడేట్టు పట్టుకుని," అంది అత్త. "ఓడిపోతే జమ్మలమడుగుకు పోతా. ఆడ మా అత్త ఉండాది. ఎందుకొచ్చినావని ఆయమ్మ అడగదు. దోసె పోస్తాది. నేను చుట్టూ అంచు తినేసి నడిమిది వదిలేస్తా. ఆ నడిమిది ఆయమ్మ తింటాది."

నా చెయ్యి గాలిలోనే ఉంది. పీట మీద బొమ్మ చెయ్యి కూడా. ఎత్తిన చేతిని ఎలా దించాలో మరిచిపోయినదానిలా ఉండిపోయాను.

"బేటీ, ఇంగ దించు," అంది ఆపా, తన చున్నీతో నా చున్నీ తుడుస్తూ. "నీ లోపల కూడా రబ్బరు బిగించినారా?"

"పేరేంది మరి నీది?" అని జడ్జమ్మ ఆఖరి ప్రశ్న వేసింది.

"పేరెందుకు? మా అత్త నన్ను పాపా అంటాది."

"పలికింది," అంది జడ్జమ్మ. ఆ మాటతో అత్త బొమ్మను ఒళ్లోకి లాక్కుని, చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో విచారించడం నా పరిధిలో లేదని, జీవితంలో మొదటిసారి, ప్రశ్న అడగకుండా ఊరుకున్నాను.

తిరుగు బస్సులో మాత్రం ఆగలేకపోయాను. "ఇదంతా ఎప్పటినుంచి గమనిస్తున్నావత్తా?"

"గమనించేదేముంది? నువ్వు వస్తాంటివి, పోతాంటివి."

"ముందే ఇలా చెప్పి ఉంటే సత్యప్రజ్ఞతో ఈ అవస్థ తప్పేది కదా."

"నాకు మాత్రం తెలుసా ఏంది? చెయ్యి లేసేదాకా నేనూ సూల్లేదు," అంది అత్త. సంచిలోంచి పాప చెయ్యి బయటికి లేచింది. ఈసారి ఆమె దాన్ని లోపలికి నొక్కలేదు.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులోనే ఒక కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. లోకంలో రెండు పక్షాలే కాదనీ, మూడోదీ నాలుగోదీ కూడా ఉంటాయనీ, అవన్నీ ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటాయనీ తెలుసుకున్నాను. సమావేశాల్లో చెయ్యి ఎత్తబోయే ముందు చుట్టూ చూస్తాను. చూశాక చాలాసార్లు జుట్టు సర్దుకుని దించేస్తాను. ఈ మధ్య అలాగే, అడిగి తీరవలసిన ఒక ప్రశ్నను మింగేసి, ఆ సాయంత్రం జమ్మలమడుగు బస్సెక్కాను. ఇల్లు రాగానే "ఈడ ఆపన్నా" అన్నాను. కండక్టరు అరవలేదు. ఆపాడు. అంతే. ఇన్నేళ్లు నేను భయపడింది దీనికా అనుకుంటూ దిగాను.

అత్త ఎందుకొచ్చావని అడగలేదు. కిటికీ గట్టు మీద పాప కూర్చుని ఉంది, చెయ్యి ఎత్తి. అత్త దాని వెనక్కి వెళ్లి వంగింది. "బస్సు యాడ దిగినావు?" అంది పాప.

"ఇంటి ముందరే. కండక్టరును అడిగి దిగాను," అన్నాను, కాస్త గర్వంగానే.

"పెద్దదానివైపోయినావులే," అంది పాప. "నేనింకా బస్టాండు నుంచి నడిచే వస్తాండా."

అత్త దోసె పోసింది. మాటల్లో పడి మొత్తం తినేశాను. ఖాళీ పళ్లెం తీసుకోవడానికి వచ్చిన అత్త దాన్ని ఒక్క క్షణం చూసి, "నడిమిది కూడా తినేసినావే," అంది. నిష్ఠూరం కాదు. అయినా, ఆ నడిమిది ఆమె వంతని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాను. బస్సు అత్త ఇంటి ముందుకు వచ్చింది. వాకిట్లో అత్త, కిటికీలో పైకి లేచిన చిన్న చెయ్యి, రెండూ కనిపించాయి. కండక్టరు నా పక్కనే నిలబడి ఉన్నాడు, అడిగితే ఆపేవాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బస్టాండులో దిగి, ఎండలో అంత దూరమూ తీరిగ్గా వెనక్కి నడిచాను. నడక ఆరోగ్యానికి మంచిది.